ఒత్తులు తప్పే పిల్లవాడితో ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త టీచర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మేడమ్, నోటిలెక్కలు చకచకా చేస్తాడు, రాత మాత్రం రాదు. ఏం చేయమంటారు?" ఒక్కొక్కరి మానసిక ఇబ్బందినీ పరిశీలించి సాయం చేసే క్లినికల్ సైకాలజీ పుట్టింది సరిగ్గా ఇలాంటి ప్రశ్నతోనే. 1896 మార్చిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మార్గరెట్ మగ్వైర్ అనే టీచరు, స్పెల్లింగ్ ఎంతకీ పట్టుబడని 14 ఏళ్ల అబ్బాయిని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సైకాలజీ చెప్పే లైట్నర్ విట్మర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన జర్మనీలో ప్రయోగాత్మక సైకాలజీకి ఆద్యుడైన వుంట్ దగ్గర ప్రయోగాలు నేర్చుకుని వచ్చినవాడు. అయినా ఇలాంటి పిల్లవాడికి ఏం చేయాలో అప్పటి సైకాలజీలో ఎక్కడా లేదు.

ముందు కళ్లు చూడండి. ఆ అబ్బాయిలో విట్మర్ మొదట కనిపెట్టింది చూపులోని లోపాన్నే. అద్దాలు పెట్టించాడు. అంతటితో వదిలేయకుండా చదవడం, రాయడం ఓపికగా నేర్పించాడు. నేను మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఐదో తరగతి పిల్లవాణ్ణి ఏడాదంతా సోమరి అని తిట్టాను. బోర్డు వాడికి ఆనడం లేదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ తిట్లు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి. అందుకే చెబుతున్నాను: ఒక్కో కన్ను మూయించి బోర్డు చదివించండి. వినికిడి ఎలా ఉందో తెలియడానికి వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలవండి. అనుమానం వస్తే డాక్టరుకు చూపించాకే మిగతావి.

తర్వాత పది మాటలు తీసుకోండి: అమ్మ, పళ్ళెం, చెట్టు, వస్త్రం లాంటివి. ఒకసారి మీరు చెప్పి రాయించండి, ఒకసారి చూసి రాయించండి, ఒకసారి చదివించి ఎలా పలికాడో అలాగే మీరు రాసుకోండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారుతున్నాడో కనిపిస్తుంది. తేదీ వేయడం మరవకండి.

ఇక రోజుకు పావుగంట, మూడు వారాలు, జారిన చోటే నేర్పండి. మళ్లీ అవే పది మాటలు. నేర్పుతూనే తెలుసుకోవడం విట్మర్ పద్ధతి కూడా.

1907లో ఆయన 'ది సైకలాజికల్ క్లినిక్' పత్రిక మొదలుపెట్టి, ఈ పనికి క్లినికల్ సైకాలజీ అని పేరు పెట్టాడు. 'క్లినికల్' మాటను వైద్యం నుంచి తెచ్చుకున్నా, ఆయనకు అది ఒక పద్ధతి: ఒక్కొక్కరినీ విడిగా పరిశీలించి, ఆ ఒక్కరి ఎదుగుదలకు ఏది పనికొస్తుందో వెతకడం. వెనకబడిన పిల్లలకే దీన్ని పరిమితం చేయలేదు. టీచర్లకు, డాక్టర్లకు ఈ పని నేర్పడం కూడా ఆయన లక్ష్యాల్లో ఒకటి. అందుకే ఇది మనకు పరాయి శాస్త్రం కాదంటాను.

మూడు వారాల తర్వాతా మార్పు లేకపోతే డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని మీరే తేల్చేయకండి. ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి అమ్మానాన్నలతో పంపండి. ఆ కాగితాలన్నీ వాళ్ల చేతికివ్వండి, పిల్లవాడికి ఏమేం బాగా వచ్చో ఒక పేజీ మీరే రాసి పైన పెట్టండి.