డాబా మరమ్మతు – 4వ పాఠం: కదిలే పగులు, కదలని పగులు

గత పాఠంలో డాబా మీద నీళ్లు పోసి వాటం చూసి, నీరు నిలిచే చోట్లను సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాం. ఇప్పుడు పగుళ్ల సంగతి చూద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట హైదరాబాద్ డాబాలకు బాగా వర్తిస్తుంది కనుక, ఈ పని మృగశిర వానలకు ముందే ముగించాలి.

కాంక్రీటు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు దాదాపు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. 10 మీటర్ల స్లాబు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య సగటున 20 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లు సాగి, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. దాని మీద కట్టిన ఇటుక పిట్టగోడ సాగేది అందులో సుమారు సగమే కావడం వల్ల, ఆ రెండింటి మధ్య అతుకు ముందుగా విడిపోతుంది. ఇంట్లో చెమ్మ సీలింగు నడుమ, ఫ్యాను కొక్కెం దగ్గర కనిపించినా, నీరు దిగిన చోటు చాలాసార్లు ఈ పిట్టగోడ మొదలే.

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి, దానికి అడ్డంగా రూపాయి బిళ్లంత మందాన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పట్టీ వేసి, పక్కన తేదీ రాయండి. వారంలో పట్టీ చీలితే అది కదిలే పగులు. ఈ పరీక్ష చేయకుండానే నేను మొదటిసారి, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా, మా డాబా పగులును చిక్కటి సిమెంటుతో పూడ్చాను. మరుసటి వేసవికి సిమెంటు చెక్కుచెదరలేదు గానీ, దానికి ఇరువైపులా వెంట్రుకంత పగుళ్లు రెండు కొత్తగా పుట్టాయి.

కదలని సన్న పగులుకు లేటెక్స్ (రబ్బరు పాల వంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు చాలు. కదిలే పగులును మాత్రం ఉలితో 12 మిల్లీమీటర్ల వెడల్పున, 18 మిల్లీమీటర్ల లోతున గాడిగా చెక్కి, దుమ్మంతా బ్రష్‌తో దులిపి, అడుగున ఫోమ్ తాడు నొక్కి, పైన 6 మిల్లీమీటర్ల మందాన పాలీయురెథేన్ సీలెంట్ నింపాలి. తాడును అనవసరపు ఖర్చని తీసేయకండి. సీలెంట్ అడుగుకు అంటుకోకుండా రెండు పక్కలను మాత్రమే పట్టుకున్నప్పుడే రబ్బరులా సాగగలదు, ఆ తాడు పని అదే. గాడి పక్కలకు కంపెనీ చెప్పిన ప్రైమర్ పూసి, ఎండ ఎక్కకముందే పని కానివ్వండి. కాలిన కాంక్రీటు మీద సీలెంట్‌లో బుడగలు లేస్తాయి.

2023లో తెలంగాణ ప్రభుత్వం, తెల్లపూత వంటి వాటితో ఎండకు తక్కువ వేడెక్కే డాబాలను ప్రోత్సహించే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. తెల్లపూత వల్ల స్లాబు తక్కువ వేడెక్కి, కదలిక కూడా తగ్గుతుంది కనుక అది మంచిదే. కానీ పగుళ్ల మీద నేరుగా రంగు వేస్తే పగులు కంటికి కనపడదు, నీటికి మాత్రం కనపడుతుంది. పూత ముచ్చట ఆరో పాఠంలో.

సీలెంట్ గట్టిపడేందుకు వారం ఆగి, తూములో గుడ్డ కుక్కి, రెండంగుళాల నీరు 48 గంటలు నిలిపి ఉంచండి. అంతకు మించి లోతు వద్దు, ఆ నీటి బరువే చదరపు మీటరుకు 50 కిలోలు. మధ్య మధ్య కిందికి వెళ్లి సీలింగు చూస్తూ, చెమ్మ కనిపిస్తే దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, గంట రాసి పెట్టండి. ఆ గీతలతోనే అయిదో పాఠం మొదలుపెడతాం.