ఒక్క కోపాన్ని పట్టుకుని చదవడం ఎలా? ఫ్రాయిడ్ దారిలో

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) బిట్ బ్యాంకు ఏది తెరిచినా ఈ ప్రశ్న కనబడుతుంది: ‘అత్త మీద కోపం దుత్త మీద చూపడం’ ఏ రక్షక తంత్రం, అంటే మనసు తన్ను తాను కాపాడుకోవడానికి వేసే ఏ ఎత్తు? విస్థాపనం. టిక్కు పెట్టి తర్వాతి బిట్టుకి వెళ్లిపోతారు. బీఎడ్ కాలేజీలో సైకాలజీ పేపరు చెప్పే నాకు మాత్రం అసలు పని ఆ టిక్కు దగ్గరే మొదలవుతుందనిపిస్తుంది. కోపం అత్త మీదే అయితే అత్తతోనే ఎందుకు అనలేకపోయింది? ఇంట్లో ఇన్ని సామాన్లుండగా దుత్తే ఎందుకు బలైంది? ఈ రెండూ అడగడం వస్తే, వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణ సిద్ధాంతం పరీక్షకే కాదు, ఇంటికీ పనికొస్తుంది. మా బీఎడ్ పిల్లలతో చేయించే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క షరతు. ఇది మీ కోపం మీద వాడుకోవడానికి, ఎదుటివాళ్ల కోపం మీద కాదు. ‘నీకు మీ నాన్నంటే కసి, అది నా మీద తీర్చుకుంటున్నావ్’ అని మొగుడితో అన్నారంటే అది విశ్లేషణ కాదు, ఇంకో రౌండు గొడవ.

ముందు ఒక చిన్న కోపాన్ని ఎంచుకోండి. ఆస్తి తగాదాలు, తెగిపోయిన సంబంధాలు వద్దు. అయిపోయినదై ఉండాలి, తలుచుకుంటే ‘ఇంత దానికి అంత అరుపా?’ అని మీకే అనిపించాలి. దాన్ని ఒక పేజీలో రాయండి. ‘వాడెప్పుడూ ఇంతే’, ‘నాకు విలువే లేదు’ లాంటి తీర్పులు రాయొద్దు. ఎవరు ఏమన్నారు, చేయి ఎక్కడుంది, గొంతు ఎప్పుడు పెరిగింది, అంతే.

మా బీఎడ్ విద్యార్థిని ఒకమ్మాయి ఉదాహరణ చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను, ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే చెబుతున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌కి జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లింది. ఏడో తరగతి, సోషల్ పీరియడ్. ఒక పిల్లాడు నోట్సులో హెడ్డింగ్ కింద గీత కొట్టలేదు. ఈమె ఆ కాగితం చర్రున చింపి, మడిచి, వాడి బెంచీ మీద పెట్టింది. కొట్టలేదు, తిట్టలేదు. క్లాసంతా నిశ్శబ్దం. స్టాఫ్ రూముకి వచ్చాక ఆమె చేతులు వణికాయట.

ఇప్పుడు మిగులు లెక్క చూడాలి. గీత కొట్టకపోవడానికి తగిన కోపం ఎంత? ‘గీత కొట్టరా’ అనేంత. కాగితం చింపడం దాకా వెళ్లిందంటే ఆ మిగతాది ఇంకెక్కడినుంచో వచ్చింది. అది ఎక్కడిదో వెతకడానికి వెనక్కి నడవండి: ఆ గంట, ఆ పూట, ఆ వారం. ఈ అమ్మాయికి సమాధానం పొద్దుటే దొరికింది. ప్రార్థన అయ్యాక సూపర్‌వైజర్ ఆమె లెసన్ ప్లాన్ రికార్డు తిరగేసి, తోటి ట్రైనీల ముందే ‘మళ్లీ రాసుకు రా’ అని చేతిలో పెట్టారు. ‘సరే సార్’ అంది. నవ్వింది కూడా.

ఇక్కడిదాకా వస్తే విస్థాపనం తేలిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగొద్దు. మొదటి ప్రశ్న అడగండి: సూపర్‌వైజర్‌తోనే ఎందుకు అనలేదు? మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టి అనేది పైకి కనబడే జవాబు. అది నిజమే. కానీ మార్కుల భయం ఉన్నవాళ్లంతా నవ్వరు కదా. ఫ్రాయిడ్ 1923లో మనసుని మూడు పాత్రలుగా చూపించాడు. అచిత్తు, అంటే మనలోని కోరికల మూట, ఇప్పుడే కావాలంటుంది. అధ్యహం, అంటే మనలోనే కూర్చున్న పెద్దమనిషి, ‘పెద్దవాళ్ల ముందు నోరెత్తుతావా’ అని కసురుతుంది. ఆ ఇద్దరికీ, బయటి ప్రపంచానికీ నడుమ సర్దిచెప్పలేక నలిగేది అహం. మీ పేజీలో ఈ మూడు గొంతులకీ తలా ఒక వాక్యం రాయండి. అధ్యహం వాక్యం రాసేటప్పుడు అది ఎవరి గొంతులో వినబడుతోందో గమనించండి. చాలామందికి ఒక మనిషి గొంతే వినబడుతుంది, అదే యాసలో.

కోపం అంటేనే భయం ఎలా పుడుతుందో చెప్పడానికి ఫ్రాయిడ్ రాసిన ఒక కేసు నాకు చాలా ఇష్టం. 1909లో అచ్చయింది. రోగి ఒక యువ లాయరు. మూడు నాలుగేళ్ల వయసులో ఎవరినో కొరికాడని తండ్రి కొట్టాడు. పిల్లాడికి ఒళ్లు మండిపోయింది గానీ ఇంకా తిట్లు రావు. అందుకని తనకు తెలిసిన వస్తువుల పేర్లన్నీ విసిరాడు: ‘నువ్వు దీపం! నువ్వు తువ్వాలు! నువ్వు పళ్లెం!’ తండ్రి నిర్ఘాంతపోయి కొట్టడం ఆపేశాడు. వీడు పెద్దయ్యాక మహానుభావుడన్నా అవుతాడు, మహా నేరస్థుడన్నా అవుతాడు అన్నాడట. ఆ తర్వాత ఎప్పుడూ కొట్టలేదు. కానీ పిల్లాడు తన కోపానికి తనే జడిసిపోయి అప్పటినుంచి పిరికివాడయ్యాడు, ఆ లాయరు స్వయంగా చెప్పుకున్నదే ఇది. మెతకమనిషి అని మనం మెచ్చుకునే వాళ్లలో ఇలాంటి పిల్లాడు ఒకడు దాక్కుని ఉండొచ్చు.

రెండో ప్రశ్న: దుత్తే ఎందుకు? అంటే, ఈ మనిషి మీదే, ఈ విధంగానే ఎందుకు? బలహీనుడు కాబట్టి అనేది సగం జవాబే. ఆ అమ్మాయిని నేను అడిగింది ఒక్కటే: ‘అరవొచ్చు, బయట నిలబెట్టొచ్చు. కాగితం చింపడమే ఎందుకు తోచింది?’ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిన్నప్పుడు వాళ్ల నాన్న చూచిరాత బాగాలేకపోతే సరిగ్గా అలాగే కాగితం చింపి, మడిచి, ఆమె ముందు పెట్టేవారని చెప్పింది. మడిచి పెట్టడం కూడా అదే తీరు. ఈ సంగతి నేను ఊహించి చెప్పుంటే విలువ లేదు. ఆమె నోటినుంచి వచ్చింది కాబట్టే నిలబడింది. అయినా దాన్ని పెన్సిలుతోనే రాయించాను. ఇలాంటి అర్థాలు మొదటిసారికే ఖాయం చేసుకోకూడదు.

దీనికి ‘దాడి చేసినవాళ్లతో తాదాత్మ్యం’ అని పేరు. ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో వివరంగా రాసింది. ఆవిడ మనోవిశ్లేషణలోకి రాకముందు వియన్నాలో బడిపంతులమ్మే, మా బీఎడ్ పిల్లలకు ఈ మాట చెబితే వీపు నిటారుగా పెట్టి వింటారు. ఆవిడ ఇచ్చిన ఉదాహరణా బడిదే. ఒక కుర్రాడు మాస్టారు కోప్పడినప్పుడల్లా మొహం వికృతంగా పెట్టేవాడు, క్లాసంతా నవ్వేది. ఆగస్ట్ ఐఖ్‌హార్న్ అనే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కుర్రాణ్ణీ మాస్టార్నీ పక్కపక్కన చూశాడు. కుర్రాడి వెక్కిరింత మాస్టారి కోపపు మొహానికి నకలు! వాడు ఎగతాళి చేయడం లేదు. భయపెట్టేవాడి మొహం తానే పెట్టుకుని ఆ భయాన్ని తట్టుకుంటున్నాడు. బెత్తం తిన్న తరం బెత్తం పట్టుకుని ‘మమ్మల్ని కొట్టారు కాబట్టే బాగుపడ్డాం’ అనడం వెనక ఇదే ఉందని నా నమ్మకం. విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షన్‌తో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం చేతిలో బెత్తాన్ని లాక్కోగలదు, లోపలి మాస్టార్ని మాత్రం మనమే వెతుక్కోవాలి.

మీ పేజీలో అరుపు లేకపోయినా కోపం ఉండొచ్చు. మాట్లాడే ముందే ‘ఆవిడకి నేనంటే పడదు’ అని మీకు ఖాయంగా తెలిసిపోతోందా? మీ కోపాన్నే ఆవిడ మొహంలో చూస్తున్నారేమో, అది ప్రక్షేపణం. ఒకరి పనే పదేపదే మరిచిపోతున్నారా? ఎవరి మీదైనా మర్యాద మోతాదు మించుతోందా? అన్నిటికంటే ఎక్కువగా, మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా? దిగులు మీద 1917లో రాసిన వ్యాసంలో ఫ్రాయిడ్ ఒక మాట పట్టుకున్నాడు: దిగులులో ఉన్నవాళ్లు తమను నిందించుకునే మాటల్ని జాగ్రత్తగా వింటే, అవి వాళ్లకంటే వాళ్లు ప్రేమించిన ఇంకెవరికో బాగా సరిపోతాయని. మీ ఆత్మనిందలో ‘నేను’ బదులు ఇంకొకరి పేరు పెట్టి చదివి చూడండి. ఎక్కడైనా ‘అవును’ అనిపిస్తే అక్కడ ఆగండి. 1930 నాటికి ఆయన ఇంకో అడుగు వేశాడు. బయటికి వెళ్లనివ్వని దౌర్జన్యాన్ని అధ్యహం స్వాధీనం చేసుకుని మన మీదికే తిప్పుతుందన్నాడు. అపరాధ భావం అందులోంచి వస్తుంది. అందుకే ఎవరినీ పల్లెత్తు మాట అనని వాళ్లే ఎక్కువ కుమిలిపోతుంటారు.

అసలు దౌర్జన్యం పుట్టుకతో వచ్చే ప్రేరణా, దెబ్బ తగిలితే వచ్చే ప్రతిస్పందనా అని పరీక్షలో అడుగుతారు. దౌర్జన్య ప్రేరణ అంటూ ఒకటుందని 1908లో ముందన్నది అప్పట్లో ఫ్రాయిడ్ బృందంలో ఉన్న ఆడ్లర్. ఫ్రాయిడ్ మరుసటేడే కాదన్నాడు, మొదటి ప్రపంచయుద్ధం చూశాక 1920లో మృత్యు ప్రేరణ (నాశనం వైపు లాగే ప్రేరణ) అంటూ తనదైన దారిలో అక్కడికే వచ్చాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డొలార్డ్ అనే పరిశోధకుడి బృందం 1939లో ఆశాభంగమే దౌర్జన్యానికి మూలమంది. మన పేజీకి ఈ చివరిదే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ‘దేనికి అడ్డు పడింది?’ అని అడగనిస్తుంది. మృత్యు ప్రేరణతో ఇంట్లో చేయగలిగింది నాకు పెద్దగా కనబడలేదు.

పేజీ రాశాక ఏం చేయాలి? దిండుని గుద్దడం మాత్రం వద్దు. ‘లోపలిది కక్కేస్తే పోతుంది’ అన్నది బ్రాయర్ అనే తోటి వైద్యుడూ ఫ్రాయిడూ 1895లో కలిసి రాసిన తొలి రోజుల ఆలోచనకి పెట్టుకున్న చౌకబారు అర్థం. ఆ పద్ధతిని ఫ్రాయిడే దాటి వచ్చేశాడు. బుష్‌మన్ అనే పరిశోధకుడు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగుని గుద్దినవాళ్లకి, ఊరికే కూర్చున్నవాళ్లకంటే కోపం ఎక్కువైంది. చేయాల్సింది కోపాన్ని దాని సొంత చిరునామాకి, తగిన సైజులో పంపడం. ఆ అమ్మాయి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, ‘ప్లాన్‌లో తప్పులు చెప్పండి సార్, కానీ విడిగా చెప్పండి’ అంది. ఆయన ‘ఊఁ’ అన్నారు, అంతే. పిల్లాడికి మాత్రం కొత్త కాగితం ఇచ్చి, చింపడం తన తప్పని క్లాసులోనే చెప్పింది. చిరునామా మనిషి ఇప్పుడు లేకపోతే, లేదా అందుబాటులో ఉన్నా చెప్పే వీలు లేకపోతే, పంపని ఉత్తరంగా రాసుకోవచ్చు.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతుంటే వాళ్ల బాల్యాన్ని అర్థం చేసుకునే బాధ్యత మీది కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేయండి, ప్రాణభయం ఉంటే 112. మీరే చేయి చేసుకుంటున్నా, రాస్తుంటే దిగులు ముంచేస్తున్నా నోటుపుస్తకం మూసేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

మిగతావాళ్లు రెండో పేజీకి మొదటిదానికంటే ఇంకా చిన్న కోపాన్ని తీసుకోండి. కూరలో ఉప్పు తక్కువైందని వచ్చినలాంటిది. మిగులు లెక్క అలాంటి చోటే బాగా కనబడుతుంది.