సర్వరు గుర్తింపు మారిందని హెచ్చరిక వస్తే: ఎస్‌ఎస్‌హెచ్ సమస్యలు, పరిష్కారాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. నేను కంప్యూటర్లు చూసుకునే ఒక జీడిపప్పు వ్యాపారి కార్యాలయంలో సర్వరు డిస్కు పాడైపోయింది. కరెంటు వచ్చాక కొత్త డిస్కు పెట్టి, లినక్స్ మళ్లీ ఎక్కించి, లెక్కలన్నీ బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నాం. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే విజయనగరం బ్రాంచి గుమాస్తా గారి ఫోను. దూరం నుంచి సర్వరులోకి సురక్షితంగా వెళ్లే దారి అయిన ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవబోతే తెరమీద ఎట్ గుర్తులతో కట్టిన గోడ, దాని మధ్య పెద్ద అక్షరాల్లో హెచ్చరిక వచ్చాయట. "ఎవరో మన మాటలు చాటుగా వింటూ ఉండవచ్చని రాసి ఉంది బాబూ. ఏడో వరుస తీసేస్తే పోతుందని మా అబ్బాయి అంటున్నాడు, తీసేయనా?" అని అడిగారు. "ఆగండి, సరిచూసుకునే దాకా ఏమీ తీయకండి" అన్నాను.

ఆ వరుస తీసేస్తే హెచ్చరిక పోయే మాట నిజమే. అవతల ఉన్నది మన సర్వరు కాకపోయినా పోతుంది. అందుకే ఈ వ్యాసంలో ప్రతి సమస్యకూ ముందు కారణం చెప్పి, ఆ తరువాతే పరిష్కారం చెబుతాను.

సర్వరు తనెవరో ఎలా చెబుతుంది?

ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ సర్వరుకూ జంట తాళాలు ఉంటాయి. వీటిని హోస్ట్ కీ అంటారు. రహస్య కీ ఈటీసీ ఫోల్డరులోని ఎస్‌ఎస్‌హెచ్ ఉపఫోల్డరును దాటి బయటికి రాదు. బహిరంగ కీని కనెక్షను మొదట్లోనే సర్వరు మనకు పంపుతుంది. ఆ కనెక్షను కోసం ఇద్దరూ కలిసి అప్పటికప్పుడు తయారుచేసుకున్న లెక్కమీద సర్వరు తన రహస్య కీతో సంతకం చేస్తుంది. మన కంప్యూటరు ఆ సంతకాన్ని బహిరంగ కీతో పరీక్షిస్తుంది. బహిరంగ కీని ఎవరైనా నకలు తీసుకోవచ్చు కానీ, దానితో సంతకం చేయలేరు.

అయితే ఆ కీ తన దగ్గర ఉందన్న విషయాన్నే సంతకం రుజువు చేస్తుంది. ఆ కీ పలాస సర్వరుదే అని ఎవరు చెప్పాలి? బ్రౌజరుకైతే ధ్రువపత్రాలిచ్చే సంస్థలున్నాయి. మామూలుగా వాడే ఎస్‌ఎస్‌హెచ్‌లో అలాంటి పెద్దమనిషి ఎవరూ ఉండరు. మొదటిసారి మనం ఒప్పుకున్న కీని మన కంప్యూటరు నోన్ హోస్ట్స్ అనే ఫైలులో ఒక వరుసగా రాసుకుంటుంది. తరువాత ప్రతిసారీ దానితో పోల్చుకుంటుంది. గుమాస్తా గారు తీసేయబోయిన ఏడో వరుస అదే.

ఫిన్లాండు పరిశోధకుడు టాటూ యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసింది తన హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగతనంగా పట్టుకున్న ఘటన తరువాతే. సర్వరు వేషం వేసుకున్నవాడికి మన చేతులతో పాస్‌వర్డు కొట్టి ఇస్తే జరిగేదీ ఆ దొంగతనమే.

సమస్య: మొదటిసారి కలిసేటప్పుడు "ఈ యంత్రం అసలుదో కాదో తేల్చలేం" అని అడుగుతోంది

కారణం సులభం. ఆ సర్వరు పేరు మీద నోన్ హోస్ట్స్‌లో ఏ వరుసా లేదు. ఇది లోపం కాదు, మనల్ని అడుగుతున్న ప్రశ్న. చాలామంది అవును అని కొట్టి ముందుకు వెళ్లిపోతారు. నా దృష్టిలో ఎస్‌ఎస్‌హెచ్ వాడకంలో అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం ఇదే. ఇక్కడ తప్పు కీని ఒప్పుకుంటే, తరువాత అసలు సర్వరు వచ్చినప్పుడు మన కంప్యూటరు దాన్నే దొంగ అంటుంది.

పరిష్కారం ఏమిటంటే, తెరమీద కనిపించే వేలిముద్రను వేరే దారిలో వచ్చిన వేలిముద్రతో పోల్చాలి. బహిరంగ కీ నుంచి లెక్కగట్టిన పొట్టి గుర్తునే వేలిముద్ర అంటారు. అది షా256 అని మొదలై తరువాత 43 అక్షరాలుండే వరుస. సర్వరు ముందు కూర్చున్నవారు ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఆదేశానికి చిన్న ఎల్, చిన్న ఎఫ్ ఎంపికలిచ్చి, హోస్ట్ కీలలో పబ్ అనే తోకతో ఉండే ఫైలు పేరు రాస్తే అదే వరుస వస్తుంది. అద్దె సర్వరు అయితే ఆ సంస్థ వెబ్‌సైటులోని కన్సోల్ ద్వారా చూడవచ్చు. ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్. 2019లో వచ్చిన దాని 8.0 నుంచి ఇంకో మంచి సౌకర్యం ఉంది. అవును అని కొట్టే బదులు, మనకు ముందే అందిన వేలిముద్రను అక్కడ అతికించవచ్చు. రెండూ ఒకటైతేనే లోపలికి పోనిస్తుంది. కళ్లకు పని తప్పుతుంది, పొరపాటూ తప్పుతుంది.

సమస్య: "గుర్తింపు మారిపోయింది" అనే పెద్ద హెచ్చరిక

పలాసలో మాకు వచ్చింది ఇదే. దీని వెనుక కారణాలు చాలా ఉండవచ్చు. సర్వరు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త కీలు పుడతాయి. రూటరు మార్చినప్పుడు, నిన్న సర్వరుకున్న ఐపీ చిరునామా ఈరోజు ఇంకో యంత్రానికి వెళ్లిపోవచ్చు. బయటి నుంచి వచ్చే 22వ పోర్టును రూటరులో వేరే యంత్రంవైపు మళ్లించి ఉండవచ్చు. నిజంగానే ఎవరో మధ్యలో దూరి ఉండవచ్చు. ఈ నాలుగింటికీ తెరమీద వచ్చే సందేశం ఒక్కటే. కాబట్టి సందేశం చూసి కారణం ఊహించకూడదు. సర్వరు చూసుకునే మనిషిని అడగాలి.

ఆ రోజు నేను పలాసలో సర్వరు ముందు కూర్చుని వేలిముద్ర తెరిచాను. విజయనగరంలో గుమాస్తా గారు తన తెరమీది హెచ్చరికలో ఉన్న కొత్త వేలిముద్రను ఫోనులో చదివారు. పెద్ద కే, చిన్న క్యూ, తొమ్మిది, కూడిక గుర్తు... ఇరవై అక్షరాల దాకా సాఫీగా సాగింది. అక్కడ ఆగిపోయారు. "ఇది ఒకటో, చిన్న ఎల్లో తెలియడం లేదు బాబూ." అదే తెరమీద ఐపీ చిరునామాలో ఒకట్లు ఉన్నాయి, వాటితో పోల్చి చూడమన్నాను. చూసి, ఎల్ అని తేల్చారు. నా తెరమీదా ఎల్లే. 43 అక్షరాలూ కలిశాయి. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకోవద్దు. మోసగాడు ఆ కొద్ది అక్షరాలు కలిసే కీ కోసం వెతికి తయారుచేసుకోగలడు.

కలిశాకే పాత వరుస తీయాలి. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు పెద్ద ఆర్ ఎంపికతో సర్వరు పేరో ఐపీనో ఇస్తే ఆ పేరుమీద ఉన్న వరుసలు మాత్రమే పోతాయి. ఫైలు మొత్తం చెరిపేయడం మాత్రం పెద్ద తప్పు. మిగిలిన సర్వర్లన్నిటి గుర్తులూ దానితోనే పోతాయి. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కోసం పుట్టీ అనే ప్రోగ్రాము వాడేవారికి ఈ గుర్తులు విండోస్ రిజిస్ట్రీలో ఉంటాయి. కీ మారితే అది ఒక పెట్టెలో అడుగుతుంది. అక్కడా వేలిముద్ర చూశాకే ఒప్పుకోవాలి.

కలవకపోతే పాస్‌వర్డు కొట్టవద్దు. కొట్టేసి ఉంటే, సర్వరు ముందు కూర్చుని వెంటనే మార్చండి. ఇక్కడ పాస్‌వర్డుకూ కీతో లాగిన్ అవడానికీ తేడా ఉంది. పాస్‌వర్డు మోసగాడి చేతికి ఉన్నది ఉన్నట్టుగా అందుతుంది. మన రహస్య కీ మాత్రం మన కంప్యూటరు దాటదు.

నిజమైన మార్పు ఎలా ప్రకటించాలో చూపిన ఉదాహరణ, ప్రోగ్రాముల కోడు దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌ది. దాని ఆర్‌ఎస్‌ఏ అనే రకపు రహస్య హోస్ట్ కీ కొద్దిసేపు అందరూ చూడగల ఒక కోడు నిల్వలో బయటపడటంతో 2023 మార్చి 24న దాన్ని మార్చేశారు. ఆ కీ వాడుతున్నవారికి ఇదే హెచ్చరిక వచ్చింది. కొత్త వేలిముద్రను సంస్థ తన వెబ్‌సైటులో ప్రకటించింది. అంటే సరిచూసుకోవడానికి ఇంకో దారి ఇచ్చింది.

సమస్య: చేత్తో చేస్తే పనిచేస్తుంది, రాత్రి బ్యాకప్ మాత్రం ఆగిపోతుంది

లాగ్‌లో హోస్ట్ కీ పరీక్ష విఫలమైందని ఉంటుంది. మనం లాగిన్ అయింది మన పేరుతో, బ్యాకప్ నడిచేది రూట్ అనే సర్వాధికార ఖాతా పేరుతో. రూట్‌కు వేరే నోన్ హోస్ట్స్ ఫైలు ఉంటుంది. అందులో వరుస లేదు, అర్ధరాత్రి ప్రశ్నకు జవాబు చెప్పే మనిషీ లేడు. చాలామంది పరీక్షనే ఆపేస్తారు. అంటే కార్యాలయం లెక్కలన్నీ ప్రతి రాత్రీ ఎవరికి ఇస్తున్నామో చూడకుండా ఇవ్వడమే. సరిచూసిన కీని యంత్రమంతటికీ వర్తించే నోన్ హోస్ట్స్ ఫైలులో రాయండి, చాలు. ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్‌తో కీ తెచ్చుకోవచ్చు కానీ, అది తెస్తుందే తప్ప అసలుదో కాదో చెప్పదు. వేలిముద్ర పోల్చే పని మనదే.

సమస్య: హోస్ట్ కీ రకం కుదరలేదని కనెక్షను తెగిపోతుంది

మన కంప్యూటరు కొత్తది, సర్వరో రూటరో పాతది. 2021లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.8, షా-1 అనే పాత లెక్క పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వాడకుండా నిలిపేసింది. ఆర్‌ఎస్‌ఏ కీ చెడ్డది కాదు, ఆ పాత సంతకం పద్ధతి బలహీనమైంది. సర్వరులో ఎస్‌ఎస్‌హెచ్‌ను కొత్తది చేయడమే అసలు పరిష్కారం. అది కుదరని పాత పరికరమైతే, ఆ ఒక్కదాని పేరు కిందే పాత పద్ధతిని అనుమతించండి, అన్నిటికీ వద్దు.

సమస్య: ఏ హెచ్చరికా రాదు

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. ఒక కళాశాల ల్యాబులో ఒక యంత్రాన్ని సిద్ధం చేసి, దాని డిస్కు నకలునే మిగిలిన వాటన్నిటికీ ఎక్కించారు. హోస్ట్ కీలు కూడా నకలయ్యాయి. ఒక్క యంత్రంలో రూట్ అధికారం దొరికినవాడు మిగిలిన ఏ యంత్రం వేషమైనా వేయగలడు. కీ మారదు కాబట్టి ఎవరి తెరమీదా హెచ్చరిక రాదు.

కనిపెట్టాలంటే కీస్కాన్‌తో అన్ని యంత్రాల వేలిముద్రలూ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు ఒకేలా ఉంటే, అన్ని యంత్రాల్లోనూ పాత హోస్ట్ కీ ఫైళ్లు తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు పెద్ద ఏ ఎంపిక ఇచ్చి కొత్తవి పుట్టించి, సేవను మళ్లీ మొదలుపెట్టాలి. ఆ పనికి ముందురోజే వాడేవారందరికీ చెప్పి, కొత్త కీలు పుట్టగానే వాటి వేలిముద్రలు కాగితం మీద ఇవ్వాలి. లేకపోతే హెచ్చరిక చూడగానే వరుస తీసేయడం అలవాటైపోతుంది.

సర్వరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా గుర్తింపు నిలవాలంటే

హోస్ట్ కీలను కూడా తాళం వేసిన బ్యాకప్‌లో ఉంచండి. కొత్త డిస్కులో అవే కీలను పాత చోట పెట్టి, రహస్య కీ ఫైలును రూట్ తప్ప ఎవరూ చదవకుండా 600 అనుమతి ఇస్తే, సర్వరు పాత గుర్తింపుతోనే లేస్తుంది. అనుమతి వదులుగా ఉంటే సర్వరు ఆ కీని వాడటానికి ఒప్పుకోదు. పాత డిస్కు బయటి మనిషి చేతికి మరమ్మతుకు వెళ్లినా, ఎక్కడో పోయినా పాత కీలు తిరిగి పెట్టవద్దు, కొత్తవి పుట్టించండి.

పలాసలో మా పొరపాటు అదే. లెక్కలన్నీ బ్యాకప్ తీశాం, ఈ చిన్న ఫైళ్లు వదిలేశాం. ఇప్పుడు వేలిముద్రల కాగితం ఒకటి పలాస బీరువాలో, ఇంకొకటి విజయనగరంలో గుమాస్తా గారి దస్త్రంలో ఉన్నాయి. కీ మారినప్పుడు ఫోను చేసి, ఇద్దరం చదువుకుని, పాత వరుస కొట్టేసి పక్కన తేదీ వేస్తాం.