పంచె తెర మీద నాలుగు ఊళ్ళ బొమ్మలు: పిల్లలతో నీడబొమ్మలాట ఎలా చేయించాలంటే

మాది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి. మా వీధి పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో హిందీ. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేసినట్టే. ఇలాంటి చోట పెరిగే పిల్లలకి వేరే దేశాల కళలు నేర్పడం నిజంగా తేలిక. ఒకే వస్తువుకి రెండు పేర్లుంటాయనీ, ఒకే రాముడి కథని రెండు రకాలుగా చెప్పుకుంటారనీ వీళ్ళకి మనం కొత్తగా చెప్పక్కర్లేదు, కిరాణా కొట్టుకి వెళ్ళొచ్చేసరికే తెలిసిపోతుంది.

ఆదివారాలు మా అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు, నాటకాలు చేయిస్తుంటాను. మొదటి ఏడాది పెద్ద తప్పు చేశాను. ఒక్కో పిల్లకి ఒక్కో దేశం, ఒక జెండా, అద్దెకి తెచ్చిన డ్రెస్సు, బట్టీ పట్టిన రెండు వాక్యాలు. పన్నెండు దేశాలు అరగంటలో అయిపోయాయి, ఫొటోలు బాగా వచ్చాయి, అమ్మానాన్నలు సంతోషించారు. మర్నాడు జపాన్ వేషం వేసిన పాపని "జపాన్ వాళ్ళ గురించి ఏం తెలుసుకున్నావమ్మా?" అని అడిగితే, "డ్రెస్సు గుచ్చుకుంది మేడమ్" అంది. ఆ పిల్ల చేత్తో చేసిందేమీ లేదు, మరి ఏం చెబుతుంది? అందుకే పద్ధతి మార్చేశాను. పన్నెండు దేశాలు వద్దు, ఒక్క కళ చాలు. ఆ కళ మన దగ్గర ఎలా ఉందో ముందు చూడాలి, తర్వాత బయట వాళ్ళు ఎలా చేస్తారో చూడాలి, ఆ తేడా పిల్లల వేళ్ళకి తెలియాలి.

నేను ఎంచుకున్నది నీడబొమ్మలాట. ఖర్చు దాదాపు లేదు, చదువులో వెనకబడ్డ పిల్లలు కూడా ఇందులో ముందుంటారు. ఏడేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా పిల్లలు కలిసి చేయొచ్చు, ఆరు ఆదివారాలు పడుతుంది, రోజుకి గంటన్నర మించొద్దు.

మొదటి ఆదివారం ఏమీ చేయించొద్దు. గది చీకటి చేసి, ఒక తెల్ల పంచె కట్టి, వెనక దీపం పెట్టి చేతుల నీడలతో ఆడుకోనివ్వండి. తెర దగ్గర చెయ్యి పెడితే నీడ చిన్నగా, స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఈ సంగతి మీరు చెప్పకండి. పది నిమిషాల్లో ఎవడో ఒకడు "ఒరే, నేను రాక్షసుణ్ణి అయిపోయాను చూడండ్రా!" అని కేకేస్తాడు, అప్పుడు మిగతా అందరూ అదే చేస్తారు.

రెండో వారం మన ఇంటి రెండు రకాలూ పరిచయం చేయాలి. ఒకటి మన తెలుగువాళ్ళ తోలుబొమ్మలాట: మేక తోలుని పలచగా, వెలుగు దిగేలా చేసి, రంగులు వేసి, నగల చోట చిల్లులు పొడిచి, చేతులూ కాళ్ళూ విడివిడిగా కత్తిరించి కీళ్ళ దగ్గర దారంతో కడతారు. రెండోది ఒడిశా వాళ్ళ రావణఛాయ. అది అంగుల్ వైపు కళ. అందులో బొమ్మంతా ఒకే ముక్క, కీళ్ళు లేవు, రంగులు లేవు, వట్టి నల్లటి నీడ. రెండూ రామాయణం ఆడేవే అయినా చూపు పూర్తిగా వేరు. సరిహద్దు పిల్లలకి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు తెలీదు, ఎందుకంటే ఈ రెండూ వాళ్ళవే. ఏది గొప్పది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పకుండా రెండూ చేయించండి.

రావణఛాయ పద్ధతి ముందు, అది తేలిక. చొక్కాల పెట్టె అట్ట మీద బొమ్మ పక్క నుంచి కనిపించేట్టు గీయాలి. ముక్కు, గడ్డం, కిరీటం అంచులు బాగా తెలియాలి, నీడలో కనిపించేది అంచే కదా. ఎదురు మొహం గీస్తే తెర మీద గుమ్మడికాయలా వస్తుంది. చాలామంది పిల్లలు మొదట ఎదురు మొహమే గీస్తారు, గీయనివ్వండి, తెర మీద చూశాక వాళ్ళే మళ్ళీ గీస్తారు. వెదురు పుల్లని సగం దాకా చీల్చి, చీలిక మధ్యలో బొమ్మని పెట్టి, పైనా కిందా దారంతో బిగించి కట్టాలి. జిగురుతో అంటిస్తే రెండో ఆటకే ఊడిపోతుంది.

మూడో వారం తోలుబొమ్మ. తోలు బదులు డ్రాయింగ్ షీటు, నూనె. ఇక్కడ వరస తప్పకూడదు: ముందు బొమ్మ గీయాలి, తర్వాత స్కెచ్ పెన్నులతో రెండు వైపులా రంగు వేయాలి, తర్వాత నగలకి చిల్లులు పొడవాలి, ఆఖర్న నూనె. నూనె ముందు రాస్తే రంగు అంటదు. చిల్లులకి దబ్బనం వాడండి, కాగితం కింద పాత హవాయి చెప్పు పెడితే చిల్లు గుండ్రంగా, శుభ్రంగా పడుతుంది, వేలికి గుచ్చుకోదు. చిన్నపిల్లల చిల్లులు పెద్దవాళ్ళు పొడవాలి. నూనె అంటే కొబ్బరినూనె గానీ నువ్వుల నూనె గానీ, దూదితో పలచగా రెండు వైపులా రాసి, పాత పేపరుతో అద్ది, రాత్రంతా పరిచి ఉంచాలి. మర్నాడు ఆ కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుంటే ఎర్ర చీర ఎర్రగా, పచ్చ కిరీటం పచ్చగా వెలుగుతుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. మా దగ్గర ఒక పాప తన సీత బొమ్మని కిటికీ దగ్గర్నుంచి తీయనివ్వలేదు, ఇంటికెళ్ళే టైము దాటినా అలాగే నిలబడి ఉంది.

కీళ్ళు కుదరడానికి ఓపిక కావాలి. భుజం దగ్గర ముక్కలు అర అంగుళం ఒకదాని మీద ఒకటి రావాలి, సూదితో లావు దారం గుచ్చి రెండు వైపులా ముడి వేయాలి. ముడి మరీ బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే వేలాడుతుంది. ఒక్క చెయ్యి కదిలితే చాలు, నాలుగు కీళ్ళ బొమ్మని ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆడించలేడు.

నాలుగో వారానికి పిల్లలు పొరుగు దేశాలకి సిద్ధం. ఇండోనేషియాలోని జావా దీవిలో దీన్ని వాయాంగ్ కులిత్ అంటారు. కులిత్ అంటే తోలు, మన తోలుబొమ్మ లాంటి పేరే. వాళ్ళది గేదె తోలు, వాళ్ళూ రామాయణ భారతాలే ఆడతారు, దలాంగ్ అనే ఒక్క మనిషే అన్ని గొంతులూ మార్చుతూ రాత్రంతా ఆడిస్తాడు. పిల్లలకి బాగా పట్టేది మాత్రం అరటి బోదె. జావాలో తెర అడుగున అరటి బోదెని అడ్డంగా పడుకోబెట్టి, ఆటలో లేని బొమ్మల పుల్లల్ని అందులో గుచ్చి నిలబెడతారు. మన పెరట్లో గెల కోశాక కొట్టేసే బోదె ఎలాగూ ఉంటుంది, తెచ్చి పెట్టండి. పుల్ల దిగేటప్పుడు కరకరమనే చప్పుడు, బొమ్మ నిటారుగా నిలబడటం, ఇవి చూశాక జావా అనే చోటు వాళ్ళకి మ్యాపులో చుక్క కాదు. నీళ్ళు కారుతుంది, కింద గోనె పరచడం మరచిపోకండి.

ఇంకో పోలిక. తోలుబొమ్మలాటలో కథ మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తారు కదా, జావా ఆటలోనూ అచ్చం అలాంటివాళ్ళున్నారు, సెమర్, అతని కొడుకులూ. రాజుల కథ ఆపి ఊరి సంగతులు మాట్లాడేది వీళ్ళే. పిల్లల చేత ఇలాంటి పాత్ర ఒకటి తప్పకుండా చేయించండి, దానికి మీరు మాటలు రాసివ్వొద్దు.

ఐదో వారం టర్కీ. అక్కడి నీడబొమ్మలాట పేరు కరగొజ్, ఒంటె తోలు బొమ్మలు, రంజాన్ రాత్రుల్లో ఆడే ఆట. ఆటలో ముఖ్యమైన బొమ్మ పేరు కూడా కరగొజే, మామూలు జనం భాష మాట్లాడే మోటు మనిషి, అతని పొరుగువాడు హజివత్ చదువుకున్నవాళ్ళ మాటలు మాట్లాడతాడు, అవి కరగొజ్‌కి వేరేగా వినబడి గొడవ మొదలవుతుంది. హాస్యమంతా అందులోనే ఉంది. ఇది చెప్పగానే మా పిల్లలు నన్ను మరి మాట్లాడనివ్వలేదు, ఎందుకంటే వాళ్ళు రోజూ బతుకుతున్న సంగతే అది.

వాళ్ళు కట్టిన ఆట ఇది. ఒడియా మనిషి బొమ్మ కుంటుకుంటూ వచ్చి "మో గోడొ భాంగిగొలా" అంటుంది, అంటే నా కాలు విరిగింది అని. తెలుగు బొమ్మ "అయ్యో, గోడ పడిపోయిందా? ఉండు తాపీ మేస్త్రిని పిలుస్తా" అని పరుగెడుతుంది. ఆ మనిషి దాహమేసి "పాణి" అని అడిగితే, "కాలు విరిగినా పని అడుగుతున్నాడు, ఎంత మంచివాడో" అని చేతికి చీపురిస్తుంది. ఇది వాళ్ళే, తొమ్మిది పదేళ్ళ గుంటలు, ఇరవై నిమిషాల్లో కట్టారు. ఆట చూడ్డానికొచ్చిన ఒడియా అమ్మలూ తెలుగు అమ్మలూ ఒకే చోట నవ్వారు. ఒకళ్ళ భాషని వెక్కిరించడం కాకుండా చూసుకోవాల్సింది మాత్రం మనమే: రెండో సీన్లో తెలుగు బొమ్మ ఒడియా ఇంటికి వెళ్ళి అవస్థ పడాలి, అది నేను పట్టుబట్టి పెట్టించాను.

మాటలు పుస్తకం భాషలో రాయించకండి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే ఊళ్ళో బడిపంతులుగా పనిచేశారు, జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడారు, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మీ ఆట ఆ రోజు పెట్టుకుంటే ఎంతో బాగుంటుంది.

సవరల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కొండ మీది సవర ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితల్ బొమ్మలు చూడగానే పిల్లల చేత కాపీ చేయించాలని టీచర్లకి సరదా పుడుతుంది. అది వాళ్ళ దేవతలకీ పెద్దలకీ సంబంధించిన పూజ. దాన్ని గ్రీటింగ్ కార్డు డిజైన్‌గా మార్చడం నాకిష్టం లేదు. సవర పిల్లలు మీ బృందంలో ఉంటే వాళ్ళ ఇంటి పెద్దల్ని పిలిచి చెప్పించుకోండి, వాళ్ళు గీయమంటే గీయండి. జావా కైనా టర్కీ కైనా ఇదే వర్తిస్తుంది: ఎవరిది, ఎప్పుడు ఆడతారు, ఎందుకు ఆడతారు, ఈ మూడూ చెప్పకుండా బొమ్మ మొదలుపెట్టొద్దు.

దీపం సంగతి జాగ్రత్త. పూర్వం ఆముదం దీపాలతో ఆడేవారు కదా అని నేనొకసారి నూనె దీపం పెట్టాను, పంచె అంచు కాలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎల్‌ఈడీ బల్బు గానీ ఫోన్ టార్చ్ గానీ చాలు. ట్యూబ్‌లైట్ వద్దు, నీడ చెదిరిపోతుంది. తెరకి మూడు నాలుగు అడుగుల వెనక, ఆడించేవాళ్ళ తలల కంటే ఎత్తులో కట్టండి, లేకపోతే రాముడి పక్కన మనవాళ్ళ జుట్టు నీడ కూడా పడుతుంది.

నోరు విప్పని పిల్లల్ని తెర వెనక్కి పంపండి. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతరలో పులివేషం వేసుకున్నవాళ్ళకి ఎంత ధైర్యం వస్తుందో చూసే ఉంటారు, తెర కూడా అలాంటి పని చేస్తుంది. మా దగ్గరికొచ్చే ఒక బాబు ఐదు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. ఆట రోజు రావణుడి బొమ్మ పట్టుకున్న పిల్లాడికి జ్వరమొస్తే, వీడు నెమ్మదిగా వచ్చి బొమ్మ అందుకున్నాడు. అంత చిన్న ఒంట్లోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో, వాళ్ళమ్మ కూడా తెర పక్క నుంచి తొంగి చూసింది.

ఆట అయ్యాక బొమ్మల్ని పారేయొద్దు, చుట్ట చుట్టొద్దు. నూనె కాగితానికి చీమలు, బొద్దింకలు పడతాయి. ఒక్కో బొమ్మ మధ్య పాత పేపరు, నాలుగు ఎండు వేపాకులు వేసి అట్టపెట్టెలో బల్లపరుపుగా పెట్టండి. పుల్ల మీద ఏ పిల్ల చేసిందో ఆ పేరు పెన్నుతో రాయండి, తెలుగులోనా ఒడియాలోనా అన్నది ఆ పిల్లనే అడిగి.