మూడు వారాలకోసారి తిరిగొచ్చే జ్వరం: ఎలేన్ జన్యువు దాకా లెక్క పట్టే పద్ధతి

పిల్లాడికి జ్వరం వస్తుంది, నోరు పూస్తుంది, మెడ కింద బిళ్లలు కడతాయి. అయిదారు రోజుల్లో తగ్గిపోతుంది. మళ్లీ మూడు వారాలకు అదే వరస. మొదటిసారి టైఫాయిడ్ అంటారు, రెండోసారి మలేరియా అంటారు, మూడోసారి దిష్టి తీస్తారు. మందస, మెళియాపుట్టి కొండ గూడేల్లో మలేరియా ఉన్న మాట నిజమే కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ ప్రతిసారీ నోటిపూతతో, దాదాపు 21 రోజుల ఎడంతో వచ్చే జ్వరాన్ని పట్టించేవి తేదీలు. ఇలాంటి జ్వరం వెనక న్యూట్రోపీనియా, అంటే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు తగ్గిపోయే జబ్బు ఉండొచ్చు. ఒక్క రక్తపరీక్ష దీన్ని పట్టించలేదు. ఆ తేదీలు ఎలా రాయాలో, రక్తం ఎలా తీయించాలో, జన్యు పరీక్షకు ఎప్పుడు వెళ్లాలో చెప్పడమే ఇక్కడి పని.

ఈఎల్‌ఏఎన్‌ఈ అని రాసి ఎలేన్ అని చదివే ఈ జన్యువు 19వ క్రోమోజోమ్ పొట్టి భుజం చివర ఉంటుంది. చిన్నది, 5 ఎక్సాన్లే (ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలు). న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అనే ఎంజైమును తయారు చేయించేది ఇదే. న్యూట్రోఫిళ్లు రక్తంలో క్రిములను మింగే తెల్లకణాలు. వాటి లోపలి సంచుల్లో ఈ ఎంజైము ఒరలో కత్తిలా ఉండి, మింగిన క్రిముల ప్రొటీన్లను కోస్తుంది. జన్యువులో ఒక్క అక్షరం మారినా ప్రొటీన్ సరిగా మడత పడకపోవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు: జబ్బు ఎంజైము లేకపోవడం వల్ల రాదు. మడత చెడిన ప్రొటీన్ కణం లోపలే పేరుకుని, ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ ఇంకా ప్రోమైలోసైట్ అనే పసి దశలో ఉండగానే చనిపోతుంది. అందుకే అమ్మానాన్నల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చాలు. న్యూట్రోఫిల్ లెక్క అప్పుడప్పుడు పడిపోయి లేచే చక్రపు రకానికి ఈ జన్యువే కారణమని 1999లో తెలిసింది. పుట్టినప్పటి నుంచి అడుగునే ఉండిపోయే తీవ్ర రకంలోనూ ఇదే ఉందని మరుసటి ఏడు తేలింది.

ఎవరు తేదీల పుస్తకం రాస్తూ కూర్చోకూడదు

ఏడాది లోపు బిడ్డకు బొడ్డు చీము పట్టినా, సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ లేచినా, న్యూట్రోఫిల్ లెక్క (మైక్రోలీటరు రక్తంలో) 500 లోపు ఉన్నా కింద చెప్పే ఆరు వారాల లెక్క కోసం ఆగొద్దు. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రి పిల్లల డాక్టరుకు అప్పుడే చూపించి, విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి చోటికి రాయించుకోవాలి. మిగతావాళ్లకే కింది లెక్క.

పుస్తకం, రక్తం

ఒక గళ్ల నోటుపుస్తకం చాలు. తేదీ, ఉదయం సాయంత్రం జ్వరం డిగ్రీల్లో, నోటిపూత ఉందా, చిగుళ్లు వాచాయా, ఏ మందు వేశారు, ఇవే గళ్లు. మందు పేరు తప్పకుండా రాయాలి, కొన్ని యాంటీబయాటిక్కులు, కొన్ని మూర్ఛ మందులు కూడా న్యూట్రోఫిళ్లను తగ్గిస్తాయి. డెంగీ, టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా తగ్గుతాయి. అందుకే జ్వరంలో తీసిన ఒక్క రిపోర్టు చూసి ఏమీ తేల్చలేం.

సీబీపీ (రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష) వారానికి 3 సార్లు, 6 వారాలు, మొత్తం 18 సార్లు చేయించాలి. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకుంటే గుర్తుంటుంది. వారానికి 2 సార్లు చాలదా అని అడుగుతారు. కౌంటు బాగా పడిపోయి ఉండేది 3 నుంచి 5 రోజులే, నడుమ 4 రోజుల ఖాళీ వస్తే ఆ లోయ మొత్తం జారిపోవచ్చు. జ్వరం లేని రోజున కూడా తీయించాలి. "బాగానే ఉన్నాడు కదా, ఈ వారం వద్దులే" అన్న చోటే లెక్క పాడవుతుంది. 18 సార్లూ ఒకే ల్యాబ్. పిల్లల ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డ కట్టనివ్వని మందు ఉన్నది) అర మిల్లీలీటరు చాలు, గీత దాకా నింపి 8, 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. ఊపితే కణాలు చితుకుతాయి, కదపకపోతే గడ్డ కడుతుంది.

పీహెచ్‌సీలో "ఏఎన్‌సీ రాయండి" అంటే గర్భిణుల తనిఖీ అనుకుంటారు. ఇక్కడ ఏఎన్‌సీ అంటే అబ్సొల్యూట్ న్యూట్రోఫిల్ కౌంట్. అందుకని చీటీ మీద "మొత్తం న్యూట్రోఫిల్ కౌంట్" అని పూర్తిగా రాయించండి. లెక్క సులువే: మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో (బ్యాండ్ కణాలు, అంటే ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిళ్లు ఉంటే వాటి శాతం కూడా కలిపి) గుణించి 100తో భాగించాలి. తెల్లకణాలు 6,800, న్యూట్రోఫిళ్లు 4 శాతం అయితే 272. చూడండి, 6,800 అంటే ఏ ల్యాబులోనైనా నార్మలే. ఈ జబ్బులో మోనోసైట్లు, ఇసినోఫిళ్లు అనే వేరే తెల్లకణాలు పెరిగి మొత్తాన్ని నింపేస్తాయి, తల్లిదండ్రులు "తెల్లకణాలు బాగానే ఉన్నాయట" అని ఇంటికొస్తారు. 1,500 నుంచి 1,000 దాకా కొద్ది తగ్గుదల, 1,000 నుంచి 500 దాకా మధ్యరకం, 500 లోపు తీవ్రం.

మిషను సంగతి కూడా అడగాలి. చిన్న ల్యాబుల్లోని మూడు భాగాల మిషను (తెల్లకణాలను మూడు గుంపులుగానే విడదీసేది) న్యూట్రోఫిళ్లను విడిగా చెప్పదు, "గ్రాన్" అని ఇసినోఫిళ్లను కూడా కలిపి చూపిస్తుంది. పొట్టలో పురుగులున్న పిల్లలకు ఇసినోఫిళ్లు ఎక్కువ కాబట్టి ఆ అంకె మోసం చేస్తుంది. అయిదు భాగాల మిషను కావాలి, లేదంటే స్లైడు మీద చేత్తో లెక్కపెట్టాలి. చేత్తో అయితే 100 కణాలు చాలవు. 100లో 5 న్యూట్రోఫిళ్లు కనిపిస్తే అసలు శాతం 1 నుంచి 11 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 200 లెక్కపెట్టి 10 కనిపిస్తే 2 నుంచి 9. కష్టమే, కానీ ఈ జబ్బులో ఆ తేడాకు విలువ ఉంది.

దూరం, ఎండ, ఉప్పుగాలి

ఉద్దానం నుంచి ట్యూబు బస్సులో శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. మే నెల వేడిలో న్యూట్రోఫిళ్లు ట్యూబులోనే పాడవుతాయి, కౌంటు ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. 6 గంటల లోపు పరీక్ష జరగాలి. అంత దూరమైతే రక్తం తీసిన చోటే 2 స్లైడ్లు వేయించడం మంచిది. పల్చగా లాగి, ఫ్యాను కింద త్వరగా ఆరబెట్టాలి, కోస్తా తేమలో నెమ్మదిగా ఆరితే కణాలు ముడుచుకుపోతాయి. ఆరిన వెంటనే మిథనాల్‌లో ముంచి స్థిరపరచాలి, లేకపోతే ఈగలు, బొద్దింకలు రాత్రికి రాత్రే నాకేస్తాయి. లీష్మన్ రంగు 2 నిమిషాలు, దాని మీద రెట్టింపు బఫర్ నీళ్లు, ఇంకో 8 నుంచి 10 నిమిషాలు. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. బోరు నీళ్లు పోస్తే రంగు నీలంగా దిగి గుళికలు కనిపించవు.

గీత గీయడం, జన్యు పరీక్ష

గళ్ల కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా కౌంటు వేసి చుక్కలు కలపండి. మోనోసైట్లను వేరే రంగు పెన్నుతో గీయండి. చక్రపు రకంలో న్యూట్రోఫిళ్లు 200 లోపుకు దిగి, మూడు వారాల తరువాత మళ్లీ అక్కడికే వస్తాయి. అవి దిగినప్పుడు మోనోసైట్లు ఎక్కుతాయి. ఈ రెండు గీతలు ఒకదానికొకటి ఎదురు నడిస్తే అనుమానం గట్టిపడినట్టే. లోయలూ గట్లూ లేకుండా ఎప్పుడూ అడుగునే పాకితే తీవ్ర రకం వైపు చూడాలి, అప్పుడు మజ్జ పరీక్ష కూడా చేస్తారు.

జన్యు పరీక్షకు బిడ్డ రక్తం 2 మిల్లీలీటర్లు, అమ్మానాన్నల నుంచి కూడా చెరో 2, అన్నీ ఈడీటీఏ ట్యూబుల్లోనే. హెపారిన్ అనే వేరే మందున్న ట్యూబు పీసీఆర్‌ను (జన్యువు నకళ్లు తీసే పద్ధతిని) అడ్డుకుంటుంది. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే చీటీ మీద రాయించండి. 5 ఎక్సాన్లతో పాటు వాటి అంచులు కూడా చదవాలని అడగాలి. చక్రపు రకంలో తరచూ కనిపించే మార్పు ఒకటి నాలుగో ఇంట్రాన్ (రెండు ఎక్సాన్ల నడుమ ముక్క) మొదట్లో, అయిదో అక్షరం దగ్గర ఉంటుంది, ఎక్సాన్లు మాత్రమే చూస్తే అది దొరకదు. రిపోర్టులో ఎన్‌ఎం_001972 అనే అంకె ఉందో లేదో చూసుకోండి, జన్యువు ఏ ప్రామాణిక పాఠాన్ని ఆధారంగా తీసుకున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

"మాది మేనరికం కాదు, జన్యు జబ్బు ఎలా వస్తుంది?" అన్న ప్రశ్న ఈ జిల్లాల్లో తప్పక వస్తుంది. ఎలేన్‌కు మేనరికంతో సంబంధం లేదు. తల్లిదండ్రులిద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా పుట్టొచ్చు. అమ్మకో నాన్నకో ఉంటే మాత్రం ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం. మేనరికం ఉండి ఎలేన్ బాగుంటే అప్పుడు హ్యాక్స్1 లాంటి జన్యువులు చూడాలి, వాటిలో రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. ఇందులో ఎవరి తప్పూ లేదు, కోడలి వైపు వేలు చూపించడం అసలే తగదు.

జ్వరం వచ్చిన రోజు

కౌంటు 500 లోపు ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీలు దాటితే గంటలోపు ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పడాలి. 108కి ఫోన్ చేయండి, నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. పారాసెటమాల్ వేసేముందు జ్వరం చూసి రాయాలి. మలద్వారంలో థర్మామీటరు పెట్టకూడదు. ఊళ్లో పిర్రకు సూది వేయించొద్దు, అక్కడే గడ్డ లేస్తుంది. చీము కట్టలేదని ధైర్యపడొద్దు, చీములో ఉండేవే న్యూట్రోఫిళ్లు, అవి లేనప్పుడు చీమూ ఉండదు. కడుపునొప్పి కూడా ఉంటే అది అన్నిటికన్నా తొందర పడాల్సిన సంగతి. రోజూ పళ్లకు మెత్తని బ్రష్, వేపపుల్ల చిగుళ్లను గీరుతుంది.

చికిత్స మజ్జలో న్యూట్రోఫిళ్లను పెంచే జీ-సీఎస్ఎఫ్ సూది, మందు పేరు ఫిల్‌గ్రాస్టిమ్. తీవ్ర రకానికి మామూలుగా రోజుకు కిలోకు 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి కౌంటును బట్టి మారుస్తారు, చక్రపు రకానికి చాలాసార్లు అంతకన్నా తక్కువే సరిపోతుంది. మోతాదు డాక్టరుదే, ఇంట్లో మార్చకూడదు. తీవ్ర రకంలో రక్త క్యాన్సరుగా మారే ముప్పు ఉంది కాబట్టి ఏటా మజ్జ పరీక్ష మానకూడదు. సూదిమందు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డ కట్టకూడదు, ఊపకూడదు. కొత్త కుండలో నీళ్ల మీద పెట్టడం చాలదు, అంత చల్లదనం రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక వినగానే థర్మాస్‌లో ఐసు ప్యాకులు వేసి, మందుకు ఐసు తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. బయట 24 గంటలు దాటితే ఆ మందు పారేయాలి. కొన్ని కంపెనీల మందుకు గడువు వేరుగా ఉంటుంది, పెట్టెలోని కాగితం చూసుకోండి.