డిస్కౌంట్ స్టోర్‌లో చేరుతున్నారా? జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి

తక్కువ రేటుకి సరుకు అమ్మాలంటే స్టోర్ ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి, చాలాసార్లు అది మనుషుల దగ్గరే తగ్గుతుంది. బిల్లింగ్‌కని తీసుకున్న మనిషే రష్ లేనప్పుడు ర్యాకులు నింపాలి, లోడు వస్తే బాక్సులు దింపాలి. ఇదంతా చేరాక తెలుసుకుని బాధపడే కన్నా ఇంటర్వ్యూలోనే అడిగేయడం నయం: లోడు దింపేది ఎవరు, క్లోజింగ్ డ్యూటీ వారానికి ఎన్నిసార్లు, షట్టర్ దించాక ఎంతసేపు ఉండాలి, ఆడవాళ్లయితే రాత్రి ఇంటికి బండి పెడతారా. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అన్న టెన్షన్ వద్దు, ఇలాంటి చోట మానేసేవాళ్లు ఎక్కువ, వాళ్లకీ మనుషులు కావాలి.

మీరు ఎవరి స్టాఫో కూడా తేల్చుకోండి. బోర్డు మీద పేరు ఒకటి, జీతం వేసేది ఏ మ్యాన్‌పవర్ ఏజెన్సీనో, ప్రమోటర్‌గా, అంటే స్టోర్‌లో ఒక కంపెనీ సరుకు అమ్మిపెట్టే మనిషిగా తీసుకుంటే ఏ సబ్బుల కంపెనీనో అవుతుంది. గొడవ వస్తే ఇద్దరూ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి. యూనిఫాం డిపాజిట్ అంటూ ముందే డబ్బు కట్టమంటే మాత్రం అక్కడ చేరకండి.

అసలు దెబ్బ తగిలేది షార్టేజ్ దగ్గర. రాత్రి క్యాష్ లెక్క తేలకపోయినా, స్టాక్ తీసినప్పుడు సరుకు తగ్గినా, సెక్షన్‌లో అందరి జీతంలోంచి తలా ఇంత కోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. చట్టం అలా కోయనివ్వదు. సరుకో డబ్బో మీకు అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా మీ అజాగ్రత్త వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు మీ మాట వినాలి. కస్టమర్ దొంగతనానికి మీరెందుకు కట్టాలి? అందుకే కౌంటర్ ఎక్కేటప్పుడు చిల్లరతో సహా డబ్బు లెక్కపెట్టుకోండి, దిగేటప్పుడు లెక్క మీద సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి, మీ లాగిన్‌లో ఇంకొకరిని బిల్లు కొట్టనివ్వకండి, ఎంత స్నేహితులైనా సరే. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.

పని గంటలు వారానికి 48, దాటితే రెట్టింపు రేటు. "పంచ్ కొట్టేసి రా, నాలుగు బాక్సులే ఉన్నాయి" అన్నారంటే, అంటే వెళ్లిపోయినట్టు హాజరు మెషీన్‌లో నమోదు చేసి వచ్చి పని చేయమంటే, ఆ గంట లెక్కలోకి రాదని అర్థం. పని అయ్యాకే పంచ్ కొట్టండి, కుదరకపోతే ఇంటికి బయల్దేరుతూ "ఇప్పుడు వదిలారు" అని ఇంట్లోవాళ్లకి వాట్సాప్ పెట్టండి, టైముతో సహా ఉండిపోతుంది.

రోజంతా నిలబడటం గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. కోళికోడ్ బట్టల షాపుల్లో ఆడవాళ్లు పోరాడాక కేరళ 2018లో సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం మార్చింది, 2021లో తమిళనాడూ అదే చేసింది. మీ స్టోర్‌లో నలుగురు కలిసి ఒక స్టూల్ అడగండి, ఒక్కరే అడిగితే బద్ధకస్తులని ముద్ర వేస్తారు.

పేస్లిప్‌లో పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత కనిపిస్తే సరిపోదు, నిజంగా కడుతున్నారో లేదో చూడాలి. మీ పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబర్ తీసుకుని ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా పీఎఫ్ జమ కనిపిస్తుంది. జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐకి మీ వాటా 0.75 శాతం, స్టోర్ వాటా 3.25 శాతం. కాళ్లు వాచో నడుం పట్టేసో డాక్టర్ రెస్ట్ రాస్తే, కావాల్సినన్ని రోజుల చందా ఉన్నవాళ్లకి జీతంలో 70 శాతం వస్తుంది, కాబట్టి ఈఎస్ఐ కార్డు మొదటి నెలలోనే చేయించుకోండి.

మానేసేటప్పుడు నోటితో చెప్పి రాకండి, మెయిల్ పెట్టండి. రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే సహాయ కార్మిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పీఎఫ్‌లో మానేసిన తేదీ వాళ్లు ఎక్కించకపోతే, రెండు నెలలు ఆగి పీఎఫ్ పోర్టల్‌లో మీరే ఎక్కించుకోవచ్చు.