పెల్విక్ ఫ్లోర్ కండరాలు: బిగించడంతో పాటు వదలడం కూడా నేర్చుకునే పద్ధతి

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు నాలుగు చుక్కల మూత్రం జారిపోవడం, కాన్పు తరువాత యోనిలో ఏదో కిందికి దిగుతున్నట్లు బరువుగా ఉండడం, అంగస్తంభన మునుపటిలా నిలవకపోవడం, కలయికలో స్పర్శ మందగించడం వంటి ఇబ్బందులను చాలామంది వయసుతో వచ్చేవేనని సరిపెట్టుకుంటారు, లేదా సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు. వీటికి వేర్వేరు కారణాలు ఉండవచ్చు గాని, కటి భాగం అడుగున ఉండే కండరాల (పెల్విక్ ఫ్లోర్) బలహీనతకు వీటిలో తరచుగా పాత్ర ఉంటుంది. ఆ కండరాలను మందులు లేకుండా, పరికరాలు లేకుండా ఇంట్లోనే బలపరచుకోవచ్చు. అయితే ఈ వ్యాయామం గురించి వినవచ్చే సలహా చాలావరకు ‘బిగించండి’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. సరైన కండరాన్ని గుర్తించడం, బిగించినదాన్ని పూర్తిగా వదలడం అనే రెండు పనులూ రాకపోతే రోజుకు వందసార్లు బిగించినా ఫలితం ఉండదు; కొందరికి ఉన్న బాధ ఎక్కువవుతుంది కూడా.

ఈ కండరాలు ఎక్కడ ఉంటాయి, ఏం చేస్తాయి

ముందువైపు జఘనాస్థి నుంచి వెనుకవైపు తోకఎముక వరకు, అడ్డంగా చూస్తే మనం కూర్చున్నప్పుడు కిందికి ఆనుకునే రెండు ఎముకల మధ్య, ఈ కండరాలు ఊయలలాగా పరుచుకుని ఉంటాయి. మూత్రాశయాన్ని, పురీషనాళాన్ని, స్త్రీలలో గర్భసంచిని, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథిని ఇవి కిందినుంచి ఆదుకుంటాయి. మూత్రనాళం, యోని, మలద్వారం ఈ పొర గుండానే బయటికి తెరుచుకుంటాయి కాబట్టి వాటిని మూసి ఉంచడమూ, సమయం వచ్చినప్పుడు సడలి దారి ఇవ్వడమూ వీటి పనే.

పైకి దగ్గరగా ఉండే చిన్న కండరాలకు లైంగిక క్రియతో నేరుగా సంబంధం ఉంది. పురుషులలో అవి పురుషాంగం మొదలును నొక్కి, అందులో చేరిన రక్తం వెనక్కి పోకుండా అడ్డుపడి, స్తంభనకు గట్టిదనాన్ని ఇస్తాయి. వీర్యాన్ని బయటికి నెట్టేదీ వాటి ముడుచుకోవడమే. స్త్రీలలో అవే కండరాలు క్లిటోరిస్‌లో రక్తం నిండడానికి తోడ్పడతాయి. భావప్రాప్తి సమయంలో ఇద్దరిలోనూ ఈ ప్రాంతం సుమారు 0.8 సెకన్ల ఎడంతో లయబద్ధంగా ముడుచుకుంటుంది.

గర్భధారణ, సాధారణ కాన్పు, మెనోపాజ్, ప్రోస్టేట్ శస్త్రచికిత్స, అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకంతో ఏళ్ల తరబడి ముక్కడం ఈ కండరాలను దెబ్బతీసే ప్రధాన కారణాలు. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగల్ 1948లో కాన్పు తరువాతి బలహీనతకు వీటి వ్యాయామాన్ని ప్రతిపాదించారు. అందుకే వీటికి కీగల్ వ్యాయామాలన్న పేరు నిలిచింది. ఆయన పద్ధతిలో కండరం ఎంత బలంగా ముడుచుకుంటున్నదో కొలిచే పరికరం కూడా భాగమే. ఆ కొలిచే అలవాటు ఆ తరువాత చాలా చోట్ల జారిపోయి, వ్యాయామం పేరు మాత్రమే ప్రచారంలోకి వచ్చింది.

మొదట కండరాన్ని గుర్తించాలి

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. మలద్వారం గుండా గాలి బయటికి పోకుండా ఆపుతున్నట్లు, ఆ తరువాత మూత్రాన్ని కూడా ఆపుతున్నట్లు ఊహించుకుని, ఆ బిగింపును వెనుకనుంచి ముందుకు, ఆపైన లోపలికి, పైకి తీసుకువెళ్లండి. పని సరిగ్గా జరుగుతున్నదా అన్నది చూసి తెలుసుకోవచ్చు. స్త్రీలు అద్దం పట్టుకుని చూస్తే యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగం లోపలికి, పైకి కదలాలి. శుభ్రమైన వేలిని యోనిలో ఉంచి బిగిస్తే వేలి చుట్టూ ఒత్తిడి, పైకి లాగుతున్న భావన తెలుస్తాయి. పురుషులలో పురుషాంగం మొదలు శరీరంవైపు కొద్దిగా లాక్కుంటుంది, వృషణాలు కాస్త పైకి లేస్తాయి.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకటి రెండు సార్లు అలా చేయవచ్చు గాని దానినే రోజువారీ వ్యాయామంగా మార్చుకోకూడదు. మూత్రాశయం ఖాళీ కావలసిన సమయంలో దారి మూయడం అలవాటైతే మూత్రం పూర్తిగా పోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది.

పొరపాట్లు ఎక్కువగా ఈ తొలి మెట్టు మీదనే జరుగుతాయి. అమెరికాలో 1991లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కేవలం మాటలతో క్లుప్తంగా వివరించినప్పుడు సుమారు సగం మంది స్త్రీలే సరిగ్గా బిగించగలిగారు. నాలుగో వంతు మంది మూత్రం లీక్ కావడాన్ని ఇంకా పెంచే విధంగా చేశారు. అంటే పైకి లాగవలసినదాన్ని కిందికి ముక్కుతున్నారన్న మాట. పిరుదులు గట్టిపడడం, తొడలు దగ్గరికి చేరడం, పొట్ట బయటికి ఉబ్బడం, ఊపిరి బిగబట్టడం గమనిస్తే తప్పు కండరం పనిచేస్తున్నదని అర్థం. అలాంటప్పుడు బలం తగ్గించి, చాలా మెల్లగా, సగం శక్తితోనే ప్రయత్నించండి. ఈ కండరాలు పెద్దవి కావు, వాటి కదలిక కూడా చిన్నదే. వారం పది రోజులు ప్రయత్నించినా స్పష్టంగా తెలియకపోతే పెల్విక్ ఫ్లోర్ చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును కలవడం మేలు. ఒక్క పరీక్షలో తేలిపోయే విషయానికి నెలల తరబడి తప్పుగా సాధన చేయవలసిన అవసరం లేదు.

రోజువారీ సాధన

ఈ కండరాలలో ఎక్కువ భాగం నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే తంతువులు. రోజంతా అవయవాలను మోసేవి అవే. మిగిలినవి దగ్గు, తుమ్ము వంటి అకస్మాత్తు ఒత్తిడికి చప్పున స్పందించే తంతువులు. రెండింటికీ పని చెప్పాలి కాబట్టి సాధనలో నిలిపి ఉంచే బిగింపులూ, చురుకైన బిగింపులూ రెండూ ఉండాలి.

మూత్రాశయం ఖాళీ చేసుకుని పడుకోండి. ఊపిరి వదులుతూ కండరాన్ని లోపలికి, పైకి లాగి, మామూలుగా శ్వాసిస్తూనే 3 నుంచి 5 సెకన్లు నిలపండి. ఆ తరువాత మెల్లగా వదిలి, కనీసం అంతే సమయం, తొలి రోజుల్లో దానికి రెట్టింపు సమయం, విశ్రాంతినివ్వండి. ఇలా 8 నుంచి 10 సార్లు చేసి, ఒక నిమిషం ఆగి, బిగించిన వెంటనే వదిలే చురుకైన బిగింపులు మరో 10 చేయండి. కండరం బలపడే కొద్దీ నిలిపే సమయాన్ని 10 సెకన్ల వరకు పెంచుకోండి. దగ్గు, తుమ్ము వంటి ఒత్తిడి వల్ల మూత్రం లీకయ్యే స్త్రీలకు రోజుకు మూడు విడతలు, విడతకు కనీసం 8 బిగింపులు, కనీసం 3 నెలల పాటు పర్యవేక్షణలో చేయాలని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను రూపొందించే నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనికన్నా ఎక్కువ సంఖ్య చేస్తే త్వరగా బాగవుతుందని అనుకోవద్దు. ఆరో బిగింపులో పైకి లేచే భావన పోయి తొడలు సాయానికి వస్తున్నాయంటే ఆ రోజుకు మీ విడత అయిదే. పడుకుని సులువుగా చేయగలిగాక కూర్చుని, ఆ తరువాత నిలబడి చేయండి. నిలబడినప్పుడు అవయవాల బరువు మీద పడుతుంది కాబట్టి పని కష్టమవుతుంది, అసలు అవసరం కూడా అక్కడే ఉంటుంది.

సాధనను నిత్యజీవితంలో వాడుకునే ఒక చిన్న కిటుకు ఉంది. దగ్గబోయే ముందు, తుమ్మబోయే ముందు, బరువు ఎత్తబోయే ముందు క్షణం కండరాన్ని బిగించి, ఆ ఒత్తిడి దాటేవరకు నిలపండి. కండరం ఇంకా పెద్దగా బలపడకపోయినా, సరైన సమయానికి బిగించడం వల్లనే లీక్ గణనీయంగా తగ్గుతుందని 1998లో ప్రచురితమైన పరిశోధన చూపింది. నా దృష్టిలో ఈ వ్యాయామం మొత్తంలో అన్నిటికన్నా ముందు ఫలితమిచ్చేది ఇదే.

వదలడం

ఊపిరి తీసుకున్నప్పుడు ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం) కిందికి దిగుతుంది, దానితో పాటు పెల్విక్ ఫ్లోర్ కూడా కొద్దిగా దిగి సడలుతుంది. ఊపిరి వదిలినప్పుడు రెండూ పైకి వస్తాయి. ప్రతి విడత చివర రెండు నిమిషాలు ఈ కదలికను గమనించడానికే కేటాయించండి. ఒక చేయి పొట్ట మీద ఉంచి, పొట్ట మెత్తగా ఉబ్బేలా ఊపిరి తీసుకుంటూ, కింది భాగం తెరుచుకుంటున్నట్లు ఊహించండి, ముక్కకూడదు, వదలాలి. మోకాళ్లను ఛాతీవైపు తెచ్చుకుని కాస్త ఎడంగా పట్టుకుని పడుకుంటే ఈ సడలింపు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

కొందరిలో ఈ కండరాలు బలహీనంగా కాక, ఎప్పుడూ బిగిసిపోయి ఉంటాయి. కలయికలో నొప్పి, యోని ప్రవేశం అసాధ్యం కావడం, మూత్రం మొదలుకావడానికి ఆలస్యం, మలవిసర్జన అసంపూర్తిగా ఉండడం, వృషణాల వెనుక లేదా తోకఎముక దగ్గర మానని నొప్పి దీనికి సూచనలు కావచ్చు. ఇవి ఉన్నవారు కీగల్ వ్యాయామాలను సొంతంగా మొదలుపెట్టకూడదు. వారికి ముందుగా కావలసింది సడలింపు శిక్షణ, వైద్యుల పరీక్ష. నొప్పిని ఓర్చుకుంటూ కలయిక కొనసాగిస్తే కండరాలు భయంతో మరింత బిగుస్తాయి కాబట్టి భాగస్వామితో ఈ సంగతి మాట్లాడి, నొప్పి తగ్గేవరకు ప్రవేశంతో పని లేని సాన్నిహిత్యానికే పరిమితం కావడం చికిత్సలో భాగమే.

లైంగిక జీవితంలో ఏం ఆశించవచ్చు

బ్రిటన్‌లో 2005లో ప్రచురితమైన ఒక పరీక్షలో అంగస్తంభన సమస్య ఉన్న 55 మంది పురుషులు పాల్గొన్నారు. ఆరు నెలల తరువాత 40 శాతం మందికి సాధారణ స్తంభన తిరిగి వచ్చింది. ఇది చిన్న అధ్యయనమే గాని ఆశ కలిగించేది. అయితే అంగస్తంభన లోపం గుండె, రక్తనాళాల జబ్బుకు, మధుమేహానికి తొలి గుర్తు కావచ్చు కాబట్టి వ్యాయామంతో పాటు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోవడం మానకూడదు. శీఘ్రస్ఖలనంతో బాధపడేవారిలోనూ పన్నెండు వారాల శిక్షణ తరువాత నియంత్రణ మెరుగుపడినట్లు చిన్న అధ్యయనాలు ఉన్నాయి. ఉద్రేకం పెరిగే కొద్దీ తెలియకుండానే బిగిసే కండరాన్ని గమనించి, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ వదలగలగడం కొందరికి బిగించడం కన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

స్త్రీల విషయంలో మూత్రం లీకవుతుందన్న భయం తొలగిపోవడమే కలయికను హాయిగా మార్చే సందర్భాలు ఎన్నో ఉంటాయి. కలయిక మధ్యలో కండరాన్ని బిగించి వదులుతూ ఉంటే ఇద్దరికీ స్పర్శ స్పష్టంగా తెలియవచ్చు. కాని కోరిక తగ్గడానికి అలసట, మందులు, మనస్పర్థలు కారణమైనప్పుడు ఈ వ్యాయామం వాటిని తీర్చలేదు. మెనోపాజ్ తరువాతి పొడిదనానికి లూబ్రికెంటు, అవసరమైతే వైద్యులు సూచించే ఈస్ట్రోజన్ క్రీము కావాలి.

ప్రత్యేక సందర్భాలు, వైద్య సహాయం

మామూలు కాన్పు అయిన బాలింతలు నొప్పి లేకపోతే మెల్లని బిగింపులను తొలి రోజుల్లోనే మొదలుపెట్టవచ్చు. మూత్రం కోసం గొట్టం అమర్చి ఉంటే అది తీసేవరకు ఆగాలి. తీవ్రమైన చిరుగు, కుట్లు ఉన్నవారు వైద్యుల సలహా మీదనే మొదలుపెట్టాలి. సిజేరియన్ అయినా గర్భధారణ బరువు ఈ కండరాల మీద పడే ఉంటుంది కాబట్టి వారికీ సాధన అవసరమే. ప్రోస్టేట్ తొలగించే శస్త్రచికిత్సకు వెళ్లేవారు ముందే ఈ బిగింపును నేర్చుకుని ఉంటే, గొట్టం తీసిన తరువాత సాధన సులువవుతుంది.

యోనిలో ఉంచుకునే బరువులు, ఫోన్‌కు అనుసంధానమయ్యే పరికరాలు కొందరికి ఉత్సాహాన్నిస్తాయి. సరిగ్గా చేయగలుగుతున్నవారికి అవి తప్పనిసరి కావు. వాటికన్నా మలబద్ధకాన్ని తగ్గించుకోవడం, మానని దగ్గుకు చికిత్స తీసుకోవడం, మలవిసర్జనలో ముక్కకపోవడం ఎక్కువ మేలు చేస్తాయి.

మార్పు తెలియడానికి సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు పడుతుంది. మూడు నెలలు క్రమంగా చేసినా తేడా లేకపోతే, యోని నుంచి ఉబ్బు బయటికి కనిపిస్తే, మూత్రంలో రక్తం వస్తే గైనకాలజిస్టును గాని యూరాలజిస్టును గాని కలవాలి. మూత్రం అకస్మాత్తుగా ఆగిపోవడం, మలమూత్రాల మీద ఉన్నట్టుండి అదుపు తప్పడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి పట్టడం నాడులు నలుగుతున్నాయనడానికి గుర్తు కావచ్చు. అప్పుడు అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. లక్షణాలు తగ్గినవారు సాధనను పూర్తిగా మానేయకుండా, రోజుకు ఒక విడత చొప్పున కొనసాగించుకోవచ్చు.